బిల్టీ లేని సంచి

ముప్పైయొక్క ఏండ్లు గుంతకల్లు పార్శిలాఫీసులో
నేను రాసింది రెండే ముక్కలు:
ఎక్కడి నుంచి, ఎక్కడికి.
మామిడిపండ్ల బుట్టకు బిల్టీ ఉంది,
కాళ్లు కట్టిన మేకపోతుకు ఉంది,
ఒకసారి బళ్లారి పోయే శవపేటికకూ నేనే రాసినాను
కార్బన్ పెట్టి, నాలుగు కాపీలు.

ఈ సంచికి మాత్రం లేదు.

అరచేయంత తోలు. దానిమీద పూసలు,
ఆవగింజకన్నా కొంచెం పెద్దవి.
జిడ్డుపట్టిన తెలుపు, ఉల్లిపొర ఎరుపు,
మన ఆకాశానిది కాని ఒక నీలం.
ఫాల్కనర్ దొర ఇల్లు అమ్మేసిననాడు
విరిగిన గ్రామఫోను, పింగాణీ బాతు, ఈ సంచి
మూడూ కలిపి నూటిరవై.
బాతును నా భార్య తీసుకుంది.

అది మొదలు. ఆ తర్వాత పూస కనిపిస్తే కొన్నాను:
రవిక చేతులు, ఎద్దు కొమ్ముల తొడుగు,
ఎవరి నడుముదో సగం తెగిన పట్టీ.
ట్రంకు నిండింది. తిరిగి తిరిగి చేయి
ఈ సంచి మీదికే పోతుంది.

యుద్ధకాలంలో అమెరికా సోల్జరొకడు
పేకాటలో ఓడి ఇచ్చినాడంది దొర పెద్దకూతురు డోరీన్.
కాదు, బాకీ కింద, అంది చెల్లెలు.
ఇద్దరికీ బాగా గుర్తుందంట.
ఇద్దరూ అప్పటికి పుట్టలేదు.

నేను రాసిన మూడు ఉత్తరాలకు
సముద్రం అవతలి మ్యూజియం నుంచి ఒక జవాబు:
సూ జాతి. ఆడవాళ్ల పని. పద్దెనిమిదివందల ఎనభై ప్రాంతం.
చేసినవారి పేరు నమోదు కాలేదు.
కింద చిన్న అక్షరాల్లో,
సూ అనేది ఇతరులు పెట్టిన పేరు,
తమను తాము లకోటా అనుకుంటారని.
కొన్నవాళ్ల పేర్లు, అమ్మినవాళ్ల పేర్లు
ఇట్లాంటి సంచులకు చాలావాటికి దొరుకుతాయంట.

ఆదివారం హమ్లీబాయికి చూపించినా.
కసాపురం దారిలో తండా ఆమెది,
స్టేషన్ బయట అద్దాల రవికలు అమ్ముతుంది.
కండ్లు మూసుకొని బొటనవేలితో చదివింది.

"ఇది నూలు కాదప్పా, నరం.
ఎద్దుదో, అట్లాంటి పెద్దదాందో.
నోట్లో తడుపుకొని, ఆరెతో పొడిచి కుట్టింది.
వరసకు ఏడు పూసలు. ఈడ చూడు, ఎనిమిది.
బిడ్డ ఏడ్చుంటుంది."

వేలు అడుగంచు దగ్గర ఆగింది,
పది పదైదు పూసల మేర.
కండ్లు తెరిచింది.

"ఇది మాత్రం నూలే. మైనం రాసిన నూలు.
ఈ ముడి, ముడి మీద వెనక్కి తిప్పిన ఈ కొస
మా అత్త వేసేది. కాకుంటే ఆమె అక్క.
ఇంకెవరికీ రాదు. నేర్చుకుంటా నేర్చుకుంటా అనుకుంటానే
నాకు అరవై వచ్చినాయి."

మీ అత్త ఫాల్కనర్ దొర ఇంట్లో…
"గిన్నెలు తోమింది. చినిగినవీ కుట్టింటుంది.
దానికి వేరే జీతం యాడిస్తారు."

పూసలు?
"బళ్లారి బజారులో కొనుంటుంది. అప్పుడంతా సీమ పూసలే.
ఓడలో వచ్చేటివి. వాళ్లకూ అట్లే వచ్చుంటాయి,
వాళ్లకూ అప్పిచ్చే సేటు ఒకడు ఉంటాడు గదా."

మీకు సుగాలీలని పేరెవరు పెట్టినారని అడిగినా.
"మీరే," అంది, "చీటీలు రాసేటోళ్లు.
మేం గోర్."

ఇంకో నాలుగు పూసలు రాలేటట్టున్నాయి, కట్టేయనా అంది.
ముట్టవద్దని మ్యూజియం రాసింది.
సూది ఆమె చేతిలో, సంచి నా చేతిలో,
హంపి ఎక్స్‌ప్రెస్ వచ్చి పోయేదాకా అట్లే నిలబడినాం.
నేను వద్దనలేదు. ఇచ్చిందీ లేదు.

రాత్రి పాత ఫారమొకటి వెతికి తీసినా.
ఎక్కడి నుంచి అన్నచోట పెన్ను ఆనించి
ఆనించి సిరా మచ్చ పడింది.
ఎక్కడికి అన్నచోట ఎవరి ఊరు రాయాలో
ఆ పేరు లేని ఆమె మనవరాలు చెప్పాల.

అడుగున ఒక గడి ఉంటుంది, దెబ్బతిన్నవీ బాగుచేసినవీ రాసేందుకు.
నా సర్వీసంతా దాంట్లో
మనిషి పేరు రాసి ఎరగను.
రాసినా:
రూప్లీబాయి. కాకుంటే ఆమె అక్క.

అక్క పేరు
వచ్చే ఆదివారం అడగాల.